పులుపుకు చెదిరేది, పులుపుకు చెదరనిది

వంటింట్లో రోజూ కనబడే సంగతితో మొదలుపెడదాం. ఒక బాణలిలో తోటకూర, ఇంకో బాణలిలో గోంగూర వేసి మగ్గనివ్వండి. తోటకూర మెత్తబడినా పచ్చగానే ఉంటుంది. గోంగూర మాత్రం నూనె తగిలిన కాసేపటికే పచ్చదనం వదిలేసి ఖాకీ రంగుకు తిరుగుతుంది. తోటకూరలో చింతపండు పులుసు పోసి ఉడికిస్తే దానికీ అదే గతి. మాడిపోయిందేమో, ఆకు పాతదేమో అని కొత్తగా వంట నేర్చుకునే పిల్లలు కంగారుపడతారు. మాడలేదు, పాతదీ కాదు. అది పులుపు చేసిన పని.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఆకు రంగును మార్చిన పులుపు కొంచెమే. మన జీర్ణాశయంలో ఊరే హైడ్రోక్లోరిక్ ఆమ్లం అంతకంటే ఎన్నో రెట్లు ఘాటైనది. మరి మనం తిన్న మాంసంలోని ఇనుము, తాగిన పాలలోని బి12 విటమిన్ ఆ ఆమ్లంలో పడి ఏమవుతున్నాయి? అవీ గోంగూర పచ్చదనంలాగే చెడిపోతున్నాయా?

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే రక్తహీనత గురించీ, అరికాళ్ల మంటల గురించీ, ఏళ్ల తరబడి మింగే గ్యాస్ మాత్రల గురించీ ఎన్నో సంగతులు అర్థమవుతాయి.

రాయి పొదిగిన ఉంగరం

ఆకులోని పచ్చదనానికి పత్రహరితం అని పేరు. రక్తంలోని ఎర్రదనానికి హీమ్ కారణం. బి12 కూడా ఎర్రగానే ఉంటుంది. చూడడానికి సంబంధం లేనట్టున్న ఈ మూడూ నిజానికి ఒకే కుటుంబం. మూడింటిలోనూ చిన్న ఉంగరంలాంటి నిర్మాణం ఉంటుంది. ఆ ఉంగరం లోపలి వైపు నాలుగు నైట్రోజన్ పరమాణువులు ఉంటాయి. కంసాలి పొదిగిన రాయిని నాలుగు గోళ్లు పట్టుకున్నట్టుగా, ఈ నాలుగూ కలిసి నడుమ ఒక లోహాన్ని పట్టుకుంటాయి. పత్రహరితంలో ఆ లోహం మెగ్నీషియం, హీమ్‌లో ఇనుము, బి12లో కోబాల్ట్. హీమ్‌లోని ఉంగరాన్ని శాస్త్రజ్ఞులు పోర్ఫిరిన్ అంటారు. మిగిలిన రెండూ దానికి దగ్గరి చుట్టాలు.

పత్రహరితంలో మెగ్నీషియం ఉందని తేల్చిన రిచర్డ్ విల్‌స్టాటర్‌కు 1915లో నోబెల్ బహుమతి వచ్చింది. హీమ్ నిర్మాణాన్ని విప్పి, దాని రూపమైన హెమిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన హాన్స్ ఫిషర్‌కు 1930లో వచ్చింది. ఇద్దరూ జర్మనీవారే.

ఉంగరాలు ఒకలాంటివే అయినా పట్టు ఒకలాంటిది కాదు. ఆమ్లం అంటే హైడ్రోజన్ అయాన్లు గుంపులుగా ఉన్న ద్రవం. ఆ అయాన్లు నైట్రోజన్ల దగ్గర చోటు కోసం లోహంతో పోటీపడతాయి. లోహం పట్టు వదులైతే దాన్ని నెట్టేసి తాము కూర్చుంటాయి. పట్టు గట్టిదైతే వెనుదిరుగుతాయి. ఏ లోహాన్ని బయటికి లాగడానికి ఎంత ఘాటైన ఆమ్లం కావాలో చూసి రసాయన శాస్త్రజ్ఞులు లోహాలను వరుసలో పెట్టారు. మెగ్నీషియానికి పలుచని పులుపు చాలు. జింక్‌కు నీళ్లు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం కావాలి. రాగి ఊడాలంటే గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లమే దిక్కు.

ఆకుకూర: తేలికగా జారే రాయి

గోంగూరలో పులుపు ఆకులోనే ఉంది. వేడికి ఆకు కణాలు పగలగానే ఆ పులుపు పత్రహరితాన్ని చేరుతుంది. రెండు హైడ్రోజన్లు ఉంగరంలోకి దూరి మెగ్నీషియాన్ని బయటికి నెడతాయి. రాయి ఊడిన ఆ ఉంగరం రంగే మనకు కనిపించే ఖాకీ రంగు.

దీనివల్ల కూర చెడిపోయిందని అనుకోవద్దు. ఊడిన మెగ్నీషియం ఎక్కడికీ పోలేదు, ఆ పప్పులోనే ఉంది. ఆకుకూరలోని ఇనుము అసలు ఈ ఉంగరంలోనిదే కాదు. అది విడిగా ఉంటుంది. దాన్ని శరీరం ఒంటబట్టించుకోవడానికి పులుపు అడ్డు కాదు, సాయం చేస్తుంది. అందుకే ఆకుకూర పప్పులో దించే ముందు నిమ్మకాయ పిండడం మంచి అలవాటు. భోజనం కాగానే టీ తాగడం మాత్రం మంచిది కాదు. ఈ రకం ఇనుమును టీ బాగా అడ్డుకుంటుంది.

పచ్చదనం పోకూడదని కొందరు వంటసోడా వేస్తారు. సోడా పులుపును విరిచేస్తుంది కాబట్టి రంగు నిలుస్తుంది, నిజమే. కానీ ఆకులోని సి విటమిన్, బి1 విటమిన్ పాడవుతాయి. రంగు కావాలంటే వేరే దారి ఉంది. ఆకును ముందు కొద్దిసేపు ఉడికించి, చింతపండు పులుసు చివర్లో కలపండి.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. మెగ్నీషియం ఊడి ఖాళీ అయిన ఉంగరంలోకి రాగి వచ్చి కూర్చుంటే రంగు మళ్లీ పచ్చగా మెరుస్తుంది, ఇక పులుపుకు చెదరదు. ఒకప్పుడు ఐరోపాలో డబ్బాల్లో నిలవచేసే బఠాణీలు పచ్చగా కనబడాలని మైలుతుత్తం కలిపేవారు. మైలుతుత్తం అంటే రాగి లవణమే. కళాయి లేని రాగి, ఇత్తడి గిన్నెల్లో పులుసు కాచినా, మజ్జిగ నిలవుంచినా గిన్నెలోని రాగి కరిగి ఆహారంలో కలుస్తుంది. వికారం, వాంతులు, కడుపునొప్పి వస్తాయి. పులుపు వస్తువులు కళాయి లేని గిన్నెలో పెట్టవద్దని మన అమ్మమ్మలు అన్నది ఊరికే కాదు. పులుపులో నానిన కూరగాయ వింతగా పచ్చగా మెరుస్తుంటే రంగు కలిపారేమోనని అనుమానించండి.

రక్తం: నల్లబడినా జారని ఇనుము

మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. పూర్వం ప్రయోగశాలలో వేలికి సూది గుచ్చి, సన్నని గాజు గొట్టంతో రక్తం పీల్చి, ఒక చిన్న ట్యూబులో వేసేవారు. ఆ ట్యూబులో ముందుగానే నీళ్లు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉండేది. రక్తం అందులో పడగానే ఎరుపు పోయి ముదురు గోధుమ రంగుకు వచ్చేది. పది నిమిషాలు ఆగి, స్వేదన జలం చుక్క చుక్కగా కలుపుతూ, పక్కనున్న గోధుమరంగు గాజుకడ్డీతో రంగు సరిపోయినప్పుడు అంకె చూసేవారు. అదే హిమోగ్లోబిన్ శాతం. స్విట్జర్లాండు వైద్యుడు సాలీ పేరు మీద దీన్ని సాలీ పద్ధతి అంటారు. ఇప్పుడు చాలాచోట్ల యంత్రాలు వచ్చాయి. లెక్క మరింత కచ్చితంగా తెలుస్తోంది.

ఆ ట్యూబులో జరిగిందేమిటి? ఆమ్లం తగలగానే హీమ్‌ను చుట్టుకుని ఉన్న ప్రోటీన్ విడిపోయింది. ఇనుము తీరు మారి రంగు మారింది. కానీ ఇనుము మాత్రం ఉంగరాన్ని వదల్లేదు. అందుకే ఆ రంగు నిలకడగా ఉండి కొలతకు పనికొచ్చింది. ఆ ట్యూబులోని ఆమ్లం ఇంచుమించు మన జీర్ణాశయంలోని ఆమ్లమంత ఘాటైనదే.

ఇనుమును నిజంగా ఊడదీయాలంటే ఏం కావాలో 1841లోనే తెలిసింది. షేరర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎండిన రక్తం మీద గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి ఇనుమును తీసివేశాడు. ఇనుము పోయినా ఎర్రని పదార్థం మిగిలింది. రక్తానికి ఎరుపు ఇనుము ఒక్కదాని వల్ల రాలేదనీ, ఉంగరానికీ రంగు ఉందనీ అలా తేలింది. అంతటి ఆమ్లం మన కడుపులో లేదు.

కాబట్టి మాంసం, చేప, కార్జం తిన్నప్పుడు అందులోని హీమ్ రాయి ఊడకుండానే జీర్ణాశయం దాటి పేగుకు చేరుతుంది. ఉంగరంతో సహా పేగు కణంలోకి వెళుతుంది. లోపల ఒక ఎంజైమ్ ఆ ఉంగరాన్ని తెంచి ఇనుమును విడిపిస్తుంది. ఆమ్లానికి లొంగనిది ఎంజైమ్‌కు లొంగింది. ఆకుకూరల ఇనుముకంటే మాంసంలోని ఇనుము బాగా ఒంటబట్టడానికి కారణం ఇదే. టీ కూడా దీన్ని పెద్దగా అడ్డుకోదు.

దెబ్బ తగిలిన చోట కమిలి, కొన్నాళ్లకు ఆకుపచ్చగా, తరువాత పసుపుగా మారడం చూసే ఉంటారు. అక్కడా అదే ఎంజైమ్ పని. ఉంగరం తెగితే ముందు ఆకుపచ్చ పదార్థం, తరువాత పసుపు పదార్థం వస్తాయి. విడిపోయిన ఇనుమును శరీరం పారవేయదు, కొత్త రక్తకణాలకు మళ్లీ వాడుకుంటుంది. ఇనుము చాలకపోతే ఉంగరంలో జింక్‌ను కూర్చోబెడుతుంది. కానీ జింక్ ఉంగరం ప్రాణవాయువును మోయలేదు. మనిషికి ఆయాసం, నీరసం తప్పవు.

రక్తం ఆమ్లంలో నల్లబడుతుందన్న ఈ చిన్న విషయం ప్రాణం కాపాడగలదు. కాఫీ పొడి కలిపినట్టు వాంతి అయితే జీర్ణాశయంలో రక్తం కారి, ఆమ్లానికి రంగు మారి ఉండవచ్చు. తారులాగా నల్లగా, జిగటగా, దుర్వాసనతో విరేచనం అయినా అంతే. తెల్లవారాక చూద్దామని ఆగవద్దు. వెంటనే ఆసుపత్రికి రండి. ఐరన్ మాత్రలు వాడేవారికి కూడా విరేచనం నల్లగా అవుతుంది, దానికి భయం లేదు. మీరు ఏ మాత్రలు వాడుతున్నారో మాత్రం డాక్టరుగారికి తప్పక చెప్పండి.

బి12: అన్నిటికంటే గట్టి పట్టు

వందేళ్ల కిందట పెర్నీషియస్ ఎనీమియా అనే రక్తహీనత వస్తే మరణమే. ఐరన్ ఇచ్చినా ఫలితం ఉండేది కాదు. 1926లో బోస్టన్‌లో మైనట్, మర్ఫీ అనే ఇద్దరు వైద్యులు 45 మంది రోగులకు రోజూ కార్జం తినిపించారు. రోగులు తేరుకున్నారు. కుక్కల మీద అంతకుముందే పరిశోధన చేసిన విపుల్‌తో కలిపి వీరికి 1934లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

అదే ఊళ్లో విలియం కాసిల్ అనే యువ వైద్యుడికి ఒక సందేహం వచ్చింది. రోగులకు కార్జం అంతంత కావాలి, ఆరోగ్యవంతులకు మామూలు మాంసమే సరిపోతోంది, ఎందుకని? ఆయన తాను గొడ్డుమాంసం తిని, గంట తరువాత దాన్ని బయటికి తీసి, గొట్టం ద్వారా రోగులకు ఇచ్చాడు. వినడానికి వెగటుగా ఉన్నా రోగులకు రక్తం పట్టింది. ఉత్త మాంసం ఇచ్చినా, ఉత్త జీర్ణరసం ఇచ్చినా పట్టలేదు. రెండూ కలవాలి. అంటే జీర్ణాశయంలో ఆమ్లం కాక ఇంకేదో సహాయకారి ఊరుతోందన్నమాట. దానికే తరువాత ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అని పేరు వచ్చింది.

మాంసంలో ఉన్న రెండో వస్తువు ఏమిటన్నది 1948లో తేలింది. అమెరికాలోనూ ఇంగ్లండులోనూ దాదాపు ఒకేసారి ఎర్రని స్ఫటికాలుగా బి12 దొరికింది. దాని నిర్మాణాన్ని 1956 నాటికి ఎక్స్‌కిరణాలతో విప్పి చూపిన డొరొతీ హాడ్జ్‌కిన్‌కు 1964లో నోబెల్ బహుమతి వచ్చింది. బి12 ఉంగరం హీమ్ ఉంగరంకంటే కొంచెం చిన్నది. నడుమ కోబాల్ట్. పట్టు ఎంత గట్టిదంటే ఉంగరాన్నే పాడుచేయకుండా కోబాల్ట్‌ను బయటికి తీయడం సాధ్యం కాదు. కడుపులోని ఆమ్లం దాని దరిదాపులకు కూడా రాలేదు.

అయితే బి12 ఆహారంలో విడిగా ఉండదు, ప్రోటీన్లకు అంటుకుని ఉంటుంది. ఇక్కడే ఆమ్లం మనకు కావలసిన పని చేస్తుంది. ఆమ్లమూ పెప్సిన్ ఎంజైమూ కలిసి బి12ను ప్రోటీన్ నుంచి విడిపిస్తాయి. వెంటనే లాలాజలంతో వచ్చిన ఒక ప్రోటీన్ దాన్ని దగ్గరకు తీసుకుంటుంది. చిన్నపేగులో క్లోమరసం ఆ చేతిని విడిపిస్తుంది. అప్పుడు ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అందుకుని చిన్నపేగు చివరి దాకా తీసుకెళ్లి శరీరానికి అప్పగిస్తుంది. ఇంత ప్రయాణంలోనూ కోబాల్ట్ తన చోటు వదలదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పుకోవచ్చు. గోంగూర పచ్చదనంలాగా ఇనుము, బి12 కడుపులోని ఆమ్లానికి చెడిపోవు. పైగా ఆమ్లం లేకపోతేనే ఆహారంలోని బి12 మనకు దక్కదు.

ఆమ్లం తగ్గితే

కడుపులో మంట వస్తే ఒమిప్రజోల్, పాంటోప్రజోల్ లాంటి మాత్రలు ఇస్తారు. పుండ్లు మానడానికి అవి నిజంగా మంచి మందులు. చిక్కు ఎక్కడంటే, రెండు వారాలకో రెండు నెలలకో రాసిన మాత్రను కొందరు ఏళ్ల తరబడి దుకాణంలో కొనుక్కుని మింగుతుంటారు. ఆమ్లం తగ్గుతుంది, మంట తగ్గుతుంది. ఆహారంలోని బి12 కూడా ప్రోటీన్ నుంచి విడిపడడం తగ్గుతుంది. కాలిఫోర్నియాలో జరిగిన పెద్ద పరిశీలనను 2013లో ప్రచురించారు. ఇలాంటి మాత్రలను రెండేళ్లకు మించి వాడినవారిలో బి12 లోపం ఎక్కువగా కనిపించిందని అందులో తేలింది. చక్కెర వ్యాధికి వాడే మెట్‌ఫార్మిన్ కూడా చాలాకాలం వాడితే బి12ను తగ్గిస్తుంది. వయసు పైబడినకొద్దీ కొందరిలో జీర్ణాశయపు పొర పలుచబడి ఆమ్లం ఊరడమే తగ్గిపోతుంది.

అయినా లోపం వెంటనే బయటపడదు. మన కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా బి12 నిలవ ఉంటుంది. నలభై రోజుల లెంటు కాలంలో మాంసం మానినవారికి భయం ఏమీ లేదు. కానీ ఏళ్లు గడిచి నిలవ అడుగంటినప్పుడు కష్టాలు మెల్లగా మొదలవుతాయి. పాదాలు తిమ్మిరి, అరికాళ్ల మంట, నాలుక నున్నగా ఎర్రబడి మండడం, మతిమరుపు, నీరసం. ముఖం కడుక్కోవడానికి కళ్లు మూసుకోగానే తూలు రావడం ముఖ్యమైన గుర్తు. వయసు వచ్చింది కదా, షుగరు ఉంది కదా అని సరిపెట్టుకుంటే నరాలకు జరిగే నష్టం పూడ్చలేనిదవుతుంది.

ఇక్కడ ఒక పొరపాటు తరచు జరుగుతుంది. రక్తం తక్కువగా ఉందని సొంతంగా ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు కొని వాడతారు. ఫోలిక్ యాసిడ్ గొప్ప మందు. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. గర్భిణీ స్త్రీలకు అది తప్పనిసరి. కానీ బి12 లోపం ఉన్నవారికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం అంకె మెరుగవుతుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. అంకె చూసి అంతా బాగుందని మోసపోతాం. అందుకే ముందు పరీక్ష, తరువాతే మాత్ర.

మంచి సంగతి ఏమిటంటే చికిత్స తేలిక. మాత్రలో బి12 ప్రోటీన్‌కు అంటుకోకుండా విడిగానే ఉంటుంది కాబట్టి ఆమ్లం తక్కువైనవారికీ ఒంటబడుతుంది. ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ లేనివారికి కూడా పెద్ద మోతాదు మింగితే నూటికి ఒక వంతు దానంతట అదే లోపలికి చేరుతుంది. వెయ్యి మైక్రోగ్రాముల మాత్రలో పది మైక్రోగ్రాములు దక్కినా చాలు. మనకు రోజుకు కావలసింది రెండు, రెండున్నర మైక్రోగ్రాములే. నరాలకు దెబ్బ తగిలినట్టు ఉంటే ఇంజెక్షన్‌తో మొదలుపెడతారు.

ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోవలసినవి

1. బి12 పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం, కార్జంలో ఉంటుంది. ఆకుకూరల్లో, పప్పుల్లో, పండ్లలో ఉండదు. గ్లాసు పాలలో సుమారు ఒక మైక్రోగ్రాము ఉంటుంది. నీళ్ల మజ్జిగను దానితో సమానంగా లెక్కపెట్టవద్దు.

2. మాంసం, గుడ్లు ముట్టని ఇంట్లో గర్భిణులు, పాలిచ్చే తల్లులు బి12 సంగతి డాక్టరుగారిని అడగాలి. తల్లికి లోటైతే పాలు తాగే బిడ్డకూ లోటే. అలాంటి బిడ్డ ఎదుగుదల వెనకబడుతుంది.

3. గ్యాస్ మాత్రలు, మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడుతున్నవారు, అరవై దాటినవారు పరీక్షకు వచ్చినప్పుడు బి12 గురించి కూడా అడగండి. ఈ వ్యాసం చదివి మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దు. డాక్టరుగారిని అడిగి తగ్గించుకోండి.

4. ఆకుకూరతోపాటు నిమ్మ, జామ, ఉసిరి లాంటివి తినండి. టీ, కాఫీ భోజనానికి గంట ముందో తరువాతో తాగండి.

5. కాఫీ పొడి లాంటి వాంతి, తారు లాంటి విరేచనం కనిపిస్తే రాత్రయినా సరే ఆసుపత్రికి రండి.

రేపు గోంగూర పప్పు చేసేటప్పుడు ఆకు రంగు మారడం ఒకసారి మీ పిల్లలకు చూపించండి. పులుపుకు మెగ్నీషియం జారిపోయిందనీ, మన రక్తంలోని ఇనుము అలా జారదనీ చెప్పండి. ఆ పక్కనే కూర్చున్న నాన్నమ్మ పాదాలు తిమ్మిరిగా ఉంటున్నాయా అని కూడా అడగండి. అవునంటే ఈ వారంలోనే ఆమెను వెంటబెట్టుకుని పరీక్షకు రండి.